పది రోజుల్లో రయ్యా బండి

బడిబండ్లు తనిఖీ చేసే అధికారి రయ్యా బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చేతిలోని కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసి, "ఇంజను బాగుందమ్మా, బ్రేకులూ బాగున్నాయి. కానీ బడిపిల్లల బండి అని దీనికి నేను సంతకం పెట్టలేను," అన్నాడు.

"ఎందుకని?" అంది రయ్యా.

"మీరే చూడండి. హెడ్‌లైట్లు కామెర్లొచ్చిన కళ్ళలా ఉన్నాయి. పైకప్పు గుడ్డ ఊడి పిల్లల తలల మీదికి వేలాడుతోంది. సీట్లు చిరిగి స్పాంజి బయటికొచ్చింది. ఎడమ తలుపంతా తుప్పు. చిన్నపిల్లలు ఎక్కడానికి మెట్టు కూడా లేదు. ముందు ఎవరికైనా కనిపించేది బండి ముఖమే కదా?"

"ఇవన్నీ బాగుచేసి తెస్తే?"

"బడి తెరిచేది పది రోజుల్లో. ఆలోపు తెస్తే చూస్తాను. లేకపోతే మీ ఊరి దారి వ్యానుకి ఇచ్చేస్తాం."

వ్యాను ఆ దారికి పనికిరాదని రయ్యాకి తెలుసు. హయిల్ ఊరు రుస్తాక్ కొండల మధ్య వాదిలో, అంటే వాగు పారే లోయలో, చాలా పైకి ఉంటుంది. తారు రోడ్డు కిందే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఏడు కిలోమీటర్లు వాగు రాళ్ళ మీదా, కొండ అంచు మలుపుల మీదా ఎక్కాలి. వ్యాను తారు రోడ్డు దాటి ఒక్క చక్రం కూడా వెయ్యదు. ఏడుగురు ఆడపిల్లలు తెల్లవారకముందే ఆ ఏడు కిలోమీటర్లూ నడిచి దిగాలి. ఏ తండ్రీ పంపడు. మూడేళ్ళుగా వాళ్ళని కింద బడికి తీసుకెళ్ళి తెచ్చేది రయ్యా, ఇరవై ఒక్కేళ్ళ ఈ తెల్ల జీపుబండి మీద. ఆ పని ఆమెకి ప్రాణం. పొద్దున్నే స్టీరింగు ముందు కూర్చుంటే ఊరంతటికీ తనే పెద్దదిక్కు అనిపించేది.

నేరుగా రుస్తాక్‌లోని రంగుల షెడ్డుకి వెళ్ళింది. అక్కడి పెయింటరు బండిని చూసి తలూపాడు. "ఇరవై రోజులు పడుతుందక్కా. బడులు తెరిచే రోజులు. చేతినిండా పని."

"నాకున్నవి పదే."

"అయితే నా వల్ల కాదు."

"సరే. ఏమేం సామాను కొనాలో, ఏది ముందు ఏది వెనక చెయ్యాలో చెప్పు. నేనే చేసుకుంటాను."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. దాంతో అతను ఒక అట్టముక్క తీసుకుని అన్నీ వరసగా రాసిచ్చాడు. చివర్లో, "గాలి ఉన్నప్పుడు మాత్రం రంగు కొట్టొద్దు," అని రెండుసార్లు చెప్పాడు.

ఇంటికి చేరేసరికి అత్తగారు షంసా వాకిట్లో దానిమ్మపళ్ళు ఏరుతోంది. బండిలోంచి దించుతున్న డబ్బాలూ గుడ్డలూ చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"ఏమే, షెడ్డుకి వెళ్ళొస్తానని షెడ్డునే తెచ్చేశావా?"

"వాళ్ళు చెయ్యలేమన్నారు అత్తయ్యా. నేనే చేస్తాను."

"నువ్వా? పోయినేడు గోడకి సున్నం వేస్తానని మేకలన్నిటికీ వేశావు."

"మేకలు కదులుతాయి. బండి కదలదు."

షంసాకి నవ్వొచ్చింది గానీ పైకి చూపించలేదు. "దీపాలకి పళ్ళు తోముకునే పేస్టు రుద్దు. మా చెల్లెలి కొడుకు అలాగే చేశాడు," అంది.

రయ్యా అదే చేసింది. రుద్ది కడిగితే దీపాలు మిలమిలలాడాయి. ఎంత సులువని సంబరపడింది. రెండు రోజుల ఎండకి మళ్ళీ మునుపటి పసుపే తిరిగొచ్చింది. పది రోజుల్లో రెండు రోజులు పళ్ళపేస్టు పాలయ్యాయి.

ఇక అట్టముక్క మీద రాసిందే పట్టుకుంది. దీపం చుట్టూ టేపు అంటించింది. ఉప్పుకాగితాన్ని నీళ్ళలో నానబెట్టి, ముందు గరుకుదానితో, తర్వాత నున్నదానితో, ఆ తర్వాత ఇంకా నున్నదానితో రుద్దింది. రుద్దేకొద్దీ దీపం పాలు పోసినట్టు తెల్లగా మసకబారిపోయింది.

"ఉన్న కాస్త చూపూ పోగొట్టావే," అంది షంసా వెనక నిలబడి.

రయ్యా ఆపలేదు. చెయ్యి మరోవైపుకి తిప్పి అంతే ఓపికగా రుద్దింది. మధ్యాహ్నానికి పాలిష్ పెట్టి మెత్తటి గుడ్డతో తిప్పుతుంటే, ఆ తెల్లటి మసకలోంచి లోపలి బల్బు మెల్లగా కనిపించసాగింది. చూస్తుండగానే దీపం నీటిచుక్కలా తేటపడిపోయింది. దాని మీద ఎండకి తట్టుకునే పారదర్శకమైన వార్నిష్ పూత వేసింది. షంసా లోపలికి వెళ్ళి కహ్వా కాఫీ, ఖర్జూరాలు తెచ్చి ఆమె పక్కన పెట్టింది.

మర్నాడు పైకప్పు. పట్టుకునే పిడులన్నీ విప్పితే గుడ్డ అంటించిన అట్ట మొత్తంగా కిందికి దిగింది. వెనక తలుపులోంచి దాన్ని బయటికి లాగింది. ముట్టుకుంటే చాలు, పాత స్పాంజి పసుప్పచ్చ పొడై రాలింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని పూటంతా గీకింది. జిగురు పూసి కొత్త బూడిదరంగు గుడ్డ ఒక్కతే పరిచింది. అరచెయ్యంత వెడల్పున ముడతలు పడ్డాయి. పీకేసింది. జిగురుతో పాటు గుడ్డా పాడైంది.

"ఒక్కదానివి దుప్పటైనా పరవలేవు, ఇదేం పరుస్తావు?" అని షంసా కేకేసి, పక్కింటి మోజాని కూడా పిలిచింది. ఇద్దరూ చెరోవైపు ఇంకో గుడ్డని బిగించి పట్టుకుంటే, రయ్యా మధ్యలోంచి అంచులకి అరచేత్తో నొక్కుకుంటూ వెళ్ళింది. ఈసారి ఒక్క ముడతా లేదు.

"సీట్ల సంగతి నాకొదిలెయ్," అంది షంసా ఆ సాయంత్రం. "నువ్వు కుడితే పిల్లలు కూర్చోగానే పిగిలిపోతాయి."

పాత కవర్ల కుట్లు విప్పి, ఆ ముక్కలనే కొలతగా పెట్టి, దళసరి నల్లగుడ్డ కత్తిరించి కాలి మిషను మీద మూడు రోజులు కుట్టింది. దగ్గరికి ఎవరైనా వస్తే కసిరింది. ప్రతి కుట్టూ రెండు వరసలు.

తలుపు మాత్రం రయ్యాని ఏడిపించింది. తుప్పంతా గీకి, గుంటల్లో లప్పం పెట్టి, నునుపు చేసి, ప్రైమర్ కొట్టింది. అంతవరకూ బాగానే ఉంది. తెల్లరంగు కొట్టిన పావుగంటకి కొండ మీంచి గాలి లేచింది. వాదిలోని దుమ్మంతా వచ్చి తడిరంగు మీద వాలింది. చేత్తో తడిమితే రొట్టె మీద నువ్వుల్లా తగిలింది. ఆరాక మళ్ళీ రుద్ది, మర్నాడు మేకల కొట్టం చాటున మళ్ళీ కొట్టింది. ఈసారి దుమ్ముతో పాటు మేకల వెంట్రుకలూ అంటుకున్నాయి.

గురువారం సాయంత్రం, సొహార్ ఓడరేవులో పనిచేసే భర్త హిలాల్ వారాంతం సెలవుకి ఇంటికొచ్చాడు. వాకిట్లో సగం విప్పిన బండినీ, మోచేతుల దాకా లప్పం పూసుకున్న భార్యనీ చూసి అక్కడే నిలబడిపోయాడు.

"వదిలెయ్ రయ్యా. బాగా అలిసిపోయావు. నేను ఆ అధికారితో మాట్లాడి చూస్తాను."

"ఏమని? తుప్పు పట్టిన తలుపుని మంచి తలుపు అనుకోమనా?"

"అది కాదు..."

"ఆయన చెప్పిందాంట్లో ఒక్కటీ అబద్ధం లేదు హిలాల్. ఆ గుడ్డ నిజంగానే పిల్లల తలల మీద వేలాడింది. మూడేళ్ళు చూస్తూ ఊరుకున్నాను. మాట్లాడేది ఏమీ లేదు. చెయ్యాల్సిందే ఉంది. పట్టుకోవాలనుంటే ఆ టేపు పట్టుకో."

హిలాల్ సంచి కింద పెట్టి టేపు పట్టుకున్నాడు.

రయ్యా అప్పటికే గాలిని కనిపెట్టింది. ఎండ ఎక్కాకే అది లేస్తుంది. తెల్లవారుజామున వాది ఊపిరి బిగబట్టినట్టుంటుంది. శుక్రవారం ఫజర్ నమాజు కాగానే బండిని ఫలజ్ కాలువ గట్టు గోడ పక్కకి తెచ్చి నిలిపారు. కాలువ నీళ్ళు బిందెలతో ముంచి, చుట్టూ నేల బురదయ్యేదాకా తడిపింది. ఇక లేవడానికి దుమ్మే లేదు. తలుపుని తుడిచి, ఊపిరి బిగించి, పల్చగా ఒక పూత వేసింది. ఆరనిచ్చి రెండోది. ఆరనిచ్చి మూడోది. ఎండ గట్టు దాటి వచ్చేసరికి తలుపు అద్దంలా ఉంది. ఆమె గట్టు మీద కూర్చుని తనివితీరా ఏడ్చింది. హిలాల్ కంగారుపడితే, "ఏం లేదు, రంగు వాసన," అంది.

శనివారం పాత సామాన్ల కొట్టులో దొరికిన ఇనప మెట్లకి నల్లరంగు వేసి రెండువైపులా బిగించారు. కొండ మలుపుల్లో వెనక్కి తియ్యాల్సి వస్తుంది కాబట్టి వెనకవైపు చిన్న కెమెరా పెట్టింది. వైరుని హిలాల్ వెనక నుంచి తోస్తే ఆమె డాష్‌బోర్డు కింద తల దూర్చి అందుకుంది. తెర మీద మొదట కనిపించింది షంసా ముఖం, తలకిందులుగా. కెమెరాని తిరగేసి బిగించారు.

ఆదివారం అధికారి దగ్గరికి బయలుదేరుతుంటే షంసా కూడా వచ్చి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. రావద్దని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

అధికారి హెడ్‌లైటు మీద వేలితో రుద్ది చూశాడు. "ఏ షెడ్డులో చేయించారు?"

"మా వాకిట్లో," అంది రయ్యా.

అతను ఆమె చేతుల వంక చూశాడు. గోళ్ళ కింద ఇంకా రంగుంది. ఎడమ తలుపు దగ్గర ఆగాడు. "ఈ రంగు మిగతా బండితో కలవలేదు."

"కలవలేదండీ. మిగతా బండి ఇరవై ఒక్కేళ్ళు ఎండలో ఉంది. ఆ తలుపు రెండు రోజులే ఉంది. తుప్పు ఉంటే చూపించండి, మళ్ళీ గీకుతాను."

అతను వేలి కణుపుతో తట్టి చూశాడు. అంచు కింద వంగి చూశాడు. ఏమీ దొరకలేదు.

"లోపలికెక్కి కూర్చో నాయనా," అంది షంసా. "ఆ కుట్లు లాగి చూడు. పిగిలితే నా పేరు మార్చెయ్."

అతను నిజంగానే ఎక్కాడు, కుట్టు లాగాడు, తలెత్తి పైకప్పుని ఒకసారి చూశాడు. దిగి, కాగితం మీద సంతకం పెట్టాడు. "ఒక్క టర్ముకే ఇస్తున్నాను. బండి పాతది. జనవరిలో మళ్ళీ చూడాలి."

ఏడాదికి ఇవ్వలేదని రయ్యాకి చివుక్కుమంది. అయినా తేరుకుని, "జనవరిలో ఏమేం చూస్తారో ఇప్పుడే రాసివ్వండి. అప్పుడు పది రోజులే ఉన్నాయని పరిగెత్తను," అంది.

అతను కాగితం వెనక కాళ్ళ కింది మ్యాట్లు, కిటికీ రబ్బర్లు, వెనక బంపరు అని రాసిచ్చాడు. ఇచ్చేటప్పుడు మొదటిసారి నవ్వాడు.

బడి తెరిచిన రోజు పొద్దున్నే ఏడుగురూ వాకిట్లో వరసగా నిలబడ్డారు. అందరికంటే చిన్నది బుదూర్ మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. అది చూసి మిగతావాళ్ళూ విప్పేశారు.

"ఏంటే ఇది?" అంది రయ్యా.

"కొత్తగా ఉంది కదా పిన్నీ, మాసిపోతుంది," అంది బుదూర్.

"చెప్పులేసుకుని ఎక్కండే! ఇది బండి, తివాచీ పరిచిన మజ్లిస్ గది కాదు. మాస్తే కడుక్కుంటాను."

పిల్లలు కిలకిలా నవ్వుతూ ఎక్కి కూర్చున్నారు. రయ్యా అద్దంలో ఏడు తలలూ లెక్కపెట్టుకుని, దీపాలు వేసి, బండిని వాదిలోకి దించింది.