కంది దగ్గు

గిన్నెలు తోమడం అయిపోవచ్చింది. నవనీత కడిగినవన్నీ గంపలో బోర్లిస్తూ ఒక్క గ్లాసును మాత్రం పక్కన పెట్టింది. ఆ స్టీలు గ్లాసు మీద మేకుతో గీసిన అడ్డగీత ఉంది. దాని చోటు గంపలో కాదు, బయటి గోడ గూట్లో. అలాంటి గీతే ఉన్న పళ్లెం కూడా అక్కడే ఉంటుంది. రెండూ ఆమె అన్న అరుణ్‌కుమార్ వచ్చినప్పుడు వాడేవి.

గీతలు గీసింది అత్త మైసమ్మ. అరుణ్ తాండూరులో నాపరాళ్లకు పాలిష్ పట్టే షెడ్డులో పని చేస్తాడు. నిరుడు అతనికి టీబీ అని తేలింది. ఆరు నెలలు ఒక్క రోజు తప్పకుండా మందులు మింగాడు. మళ్లీ కండ పట్టాడు. కళ్లె పరీక్షలో ఏమీ లేదన్న కాగితం తెచ్చి చూపించాడు. మైసమ్మ ఆ కాగితాన్ని చేత్తో ముట్టలేదు. నవనీత కొడుక్కి పుట్టు వెంట్రుకలు తీసిన రోజు వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవలసింది మేనమామ. మైసమ్మ అతన్ని కాదని నవనీత చిన్నాయన కొడుకును పిలిపించి పీట మీద కూర్చోబెట్టింది. అరుణ్ కొత్త బట్టల సంచి పట్టుకొని తడక అవతల నిలబడి చూశాడు. బువ్వ తినకుండానే తాండూరు ఆటో ఎక్కాడు.

మైసమ్మ చెడ్డది కాదు. ఆమె చిన్నతనంలో తండ్రి గొర్ల మంద దగ్గర దగ్గి దగ్గి పోయాడు. ఏడాది తిరగకముందే చెల్లెలు పోయింది. తండ్రి పళ్లెంలో తిన్నందుకే పోయిందని అప్పుడు పెద్దవాళ్లన్నారు. ఆ మాట ఆమెలో రాయిలా ఉండిపోయింది. మనవడంటే ఆమెకు పంచప్రాణాలు. వాడికి ముద్ద పెట్టనిదే తాను తినేది కాదు. కొడుకు రాకేష్ మందను తోలుకొని కుల్కచర్ల వైపు పోయినప్పటి నుంచి పిల్లవాణ్ణి తన గొంగడిలోనే పడుకోబెట్టుకునేది. వాడికి గాలి తగలకుండా కిటికీ మూసి, సందుల్లో గుడ్డపేలికలు కుక్కేది.

ఉగాది దాటాక ఒక ఆదివారం అరుణ్ వచ్చి ఎప్పటిలాగే అరుగు మీద కూర్చున్నాడు. నవనీత పిల్లవాణ్ణి చంకనేసుకొని, గీత గ్లాసులో నీళ్లు తెచ్చి ఇచ్చింది. లోపల మైసమ్మ దగ్గుతోంది. ఆ దగ్గు ఆగేదాకా అతను గ్లాసు నోటి దగ్గరికి తీసుకుపోలేదు.

“అత్తమ్మా, గా దగ్గేంది?”

“కంది దగ్గు” అంది మైసమ్మ లోపలి నుంచే. “గంత దుమ్ము మింగితె దగ్గు రాక పాట వస్తదా?”

ఆమె అన్నది అబద్ధమేమీ కాదు. కందికట్టెను మిషన్‌లో పట్టించి గింజ రాల్చే రోజుల్లో, ఆ దుమ్ముకు ఊళ్లో దగ్గని మనిషి ఉండడు. దాన్ని ఎవరూ రోగంగా లెక్కపెట్టరు. కందులు మార్కెట్‌కు చేరేసరికి దానంతటదే పోతుంది.

“కందులు ఎప్పుడు అమ్మిన్రు?”

“శివరాత్రి ముంగట్నే అమ్మినం. నువ్వేమన్న కొంటవా ఏంది?”

“ఉగాది గూడ అయిపాయె అత్తమ్మా. ఊరందరి దగ్గు ఆగింది, నీదొక్కటే ఆగలే. మనిషివి గూడ సగమైనవ్. నాది గూడ గిట్లనే ఉండె. రాళ్ల దుమ్మే గదా అని రెండు నెలలు ఊకున్న.”

మైసమ్మ గడప దాకా వచ్చింది.

“నీ రోగం నాకు అంటగట్టనీకి వచ్చినవా పిలగా? నీ గ్లాసుల నీళ్లు తాగిననా, నీ పళ్లెంల తిన్ననా? నాకెట్ల వస్తది?”

“పళ్లెంల ఉండదు అత్తమ్మా. గాలిల ఉంటది. దగ్గినోళ్ల నోట్లకెల్లి వస్తది. తలుపులు, కిటికీలు మూసుకొని ఒక్క గొంగట్ల పండుకుంటె...”

అతని చూపు చెల్లెలి చంకలో ఉన్న పిల్లవాడి మీద పడింది.

“మస్తు చెప్పినవ్ గని, నీ గ్లాసు జర గూట్లె పెట్టిపో” అంది మైసమ్మ.

అతను గ్లాసు తానే కడిగి గూట్లో పెట్టాడు. పోయేటప్పుడు తడక దగ్గర, “చెల్లె, పిల్లగాని బరువు పెరుగుతుందా?” అని మెల్లగా అడిగాడు. అంగన్‌వాడీలో మూడు నెలలుగా వాడి తూకం ఒక్క చోటనే ఆగింది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోంది. పండ్లు వస్తున్నాయిలే అని అత్త అంటే ఆమె సరే అనుకుంది.

మంగళవారం టీకా ఉందని అత్తకు చెప్పి, ఆశా కార్యకర్త మల్లీశ్వరితో కలిసి నవనీత తాండూరు ఆసుపత్రికి పోయింది. ఎక్స్‌రే తీశారు. అంత చిన్న పిల్లలు కళ్లె ఉమ్మలేరు కాబట్టి ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, మింగిన కళ్లె కలిసిన కడుపులోని నీళ్లు పరీక్షకు తీస్తామన్నారు. నవనీత వాణ్ణి తాను పట్టుకోలేనంది. పని మానుకొని వచ్చిన అరుణ్ స్టూలు మీద కూర్చొని మేనల్లుణ్ణి ఒళ్లోకి తీసుకున్నాడు. వాడి రెండు చేతులూ కదలకుండా పట్టుకున్నాడు. వాడు మేనమామ ఒళ్లో కూర్చోవడం అదే మొదటిసారి. గొంతు పోయేదాకా ఏడ్చాడు.

టీబీ అని తేలింది. “ఇంత చిన్న పిల్లలకు ఎక్కువగా ఇంట్లో పెద్దవాళ్ల నుంచే వస్తుంది. ఇంట్లో ఎవరు దగ్గుతున్నారు?” అని డాక్టరమ్మ అడిగింది.

నవనీత నేల చూస్తూ అత్త పేరు చెప్పింది.

ఇంటికొచ్చి మైసమ్మ ముందు డాక్టరమ్మ ఇచ్చిన కళ్లె డబ్బా పెట్టి, “పిల్లగానికి వచ్చింది అత్తమ్మా” అని మాత్రం అంది. మైసమ్మ నుంచి తిట్లు వస్తాయని చూసింది. రాలేదు. మర్నాడు పొద్దున ముఖం కూడా కడగకముందే ఆమె ఆ డబ్బా నింపి ఇచ్చింది.

నాలుగు రోజులకు మల్లీశ్వరి కళ్లెలో టీబీ ఉందన్న కాగితం, మైసమ్మ మందుల పొట్లం తెచ్చి అరుగు మీద కూర్చుంది. మందులకు పైసలు కట్టేది లేదు, ఆరు నెలలు ఒక్క దినం తప్పొద్దు అంది. ఒంట్లో మంచిగైందని నడుమ ఆపొద్దు అంది. మూతికి గుడ్డ కట్టుకోవాలి, కిటికీలు తెరిచి ఉంచాలి, డాక్టరమ్మ చెప్పేదాకా పిల్లవాణ్ణి పక్కలో పడుకోబెట్టుకోవద్దు అంది.

“పళ్లెం, గ్లాసు ఏరు పెట్టుడు ఏం వద్దు పెద్దమ్మా. బోళ్లకెల్లి రాదు ఇది.”

మైసమ్మ అంతా విన్నది. చివరకు, “గా పిల్లగాడు బతుకుతడా?” అంది.

“మందులు ఇడవకుంటె మంచిగైతడు.”

మళ్లీ తనే అడిగింది. “పుట్టెంటికలప్పుడు గా అరుణును ఒళ్లె కూసోబెట్టుకోనిస్తె?”

“ఏం కాకపోతుండె పెద్దమ్మా. గప్పటికే ఆయనకు తక్కువైంది గదా.”

మల్లీశ్వరి వెళ్లిపోయాక నవనీత కిటికీ సందుల్లోని పేలికలు ఒక్కొక్కటే పీకింది. రెక్క తోస్తే ఎండ సూటిగా వచ్చి గొంగడి మీద పడింది. వెనక అలికిడైతే తిరిగి చూసింది. నేల మీద కూర్చున్న పిల్లవాడు నానమ్మ వైపు రెండు చేతులూ చాచి ఉన్నాడు. మైసమ్మ కొంగుతో నోరు మూసుకొని రెండడుగులు వెనక్కి వేసింది. మందుల పొట్లం నడుములో దోపుకుంది. గొంగడి మడిచి భుజాన వేసుకుంది. వాకిట్లోకి పోయి గోడ గూట్లోంచి గీత ఉన్న పళ్లెం, గ్లాసు తీసుకుంది.

“అత్తమ్మా, గవి వద్దన్నరు గదా” అంది నవనీత.

మైసమ్మ తల తిప్పలేదు. పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. ఆమె తడక తీసి, మంద లేని గొర్ల దొడ్డి వైపు నడిచి పోయింది.