కన్ను కొట్టిన బావ

వెంకటేష్ చేతిలోని ఎయిర్‌గన్ తన చేతికి వచ్చే పొద్దు కోసం వెంకటసుబ్బులమ్మ పదకొండు నెలలు కాచుకుంది. తొందరపడలేదు. కోతులెక్కడికీ పోవు, కందిచేలెక్కడికీ పోవు, వెంకటేష్ అసలే పోడు.

అర్ధవీడు దాటాక నల్లమల అంచున ఉన్న ఆ పల్లెలో కోతుల కాపలాకు ఊరందరికీ ఒకటే తుపాకి. ఇంటికిన్ని రోజులని వంతు. వంతు తీరినవాళ్లు పొద్దున్నే పాలకేంద్రం దగ్గర, క్యాన్లతో జనమంతా నిలబడ్డప్పుడు, తర్వాతి ఇంటికి దాన్ని అప్పజెబుతారు. పోయినేడు అక్కడే వెంకటేష్ దాన్ని ఆమె ముఖానికి గురిపెట్టాడు. మేనమామ కొడుకు, బావ వరస. ఎకసెక్కాలు వాళ్లకు చిన్నప్పటినుంచీ అలవాటే.

"ఏంది మరదలా, మూతి కోతి మాదిరి పెట్టినావు? కాల్చేదా?"

"కాల్చు చూస్తా," అన్నదామె నవ్వుతూనే.

"ఉత్తదేలే," అని నొక్కాడు. ఎడమ కన్ను పోయింది.

ఒంగోలు ఆసుపత్రిలో డాక్టరు ఒకే మాట అడిగాడు, గొట్టం విరిచి తెరిచి లోపల గుండు ఉందో లేదో చూసుకోలేదా అని. చూడటానికి రెప్పపాటు చాలు. ఆ రెప్పపాటు కూడా వాడికి తీరిక లేకపోయింది!

"వరసైనోడు, సరసానికి చేసినాడు. కేసెందుకమ్మా?" అన్నారు పెద్దమనుషులు. కన్ను పోయినా దాని పేరు సరసమేనట. సుబ్బులమ్మ అదీ దిగమింగింది. కట్టు విప్పిన నెలకు వెంకటేష్ అదే పాలకేంద్రం దగ్గర అన్న మాట మాత్రం ఆమెకు మింగుడు పడలేదు.

"ఇప్పుడు నువ్వు నాకు కన్ను కొడితే కొట్టినట్టా, ఉత్తగనే మూసుకున్నట్టా మరదలా?"

అందరూ నవ్వారు. ఆమె మొగుడు పుల్లయ్య కూడా మీసాల చాటున నవ్వాడు. ఆ పొద్దు నుంచి ఆమెకు కావలసింది వాడి కన్నొకటే.

ఇన్నాళ్లకు వెంకటేష్ ఇంటి వంతు తీరింది, వీళ్ల వంతు వచ్చింది. పుల్లయ్య వస్తానన్నా వద్దని తానే వెళ్లింది. వెంకటేష్ తుపాకి చేతికిస్తూ, "ఉత్తదే మరదలా, బయపడాకు," అన్నాడు. పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

సుబ్బులమ్మ గోడవైపు తిరిగింది. తుపాకి మూతిని నేలకు వంచి, గొట్టం విరిచి చూసింది. లోపల గుండు కూర్చునుంది. మళ్లీ అదే పని చేశాడు, అదే మాట చెప్పాడు, కళ్లతో చూడనైనా చూడలేదు. గొట్టం మూసి ఇటు తిరిగింది.

"ఉత్తదేనా బావా?"

"ఎన్నిసార్లు చెప్పాల? ఉత్తదే."

"చూసినావా?"

"చూసేదేముంది? పొద్దుగూకులూ నా దగ్గరే ఉంటే!"

"అట్లయితే నీ కంటికి ఆనించుకొని నొక్కు. నాకు కన్ను కొట్టినావు గదా, నీకూ కొట్టుకో, చూస్తా."

జనం ఘొల్లుమన్నారు. ఇంతమందిలో వెనక్కి తగ్గే రకం కాదు వెంకటేష్. తుపాకి అందుకుని అరుగు మీద కూర్చున్నాడు. తుపాకి వెనక కట్టెను నేలకు ఆనించి, గొట్టం మూతికి కన్ను పెట్టి, చెయ్యి కిందికి చాచాడు.

నొక్కు, అనుకుంది సుబ్బులమ్మ. నొక్కరా, నొక్కు. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేరు. ఉత్తదని చెప్పింది వాడు, నొక్కేది వాడు, సరసమని పేరు పెట్టింది ఊరు. వాడి వేలు ట్రిగ్గర్‌ను తడుముకుంటోంది. ఆమె ఒంటికన్ను వాడి కంటి మీదే ఉంది. ఆ కన్ను పోతే వాడు సగం ఊరినే చూస్తాడు. తల అటు తిప్పుకుంటే తాను కనిపించనే కనిపించదు. ఆ సుఖం వాడికెందుకు?

"గుండుంది బావా," అంది.

వేలు ఆగిపోయింది. వెంకటేష్ మెల్లగా తల ఎత్తి, గొట్టం విరిచాడు. గుండు కనిపించింది. నవ్వినవాళ్లంతా రెండడుగులు వెనక్కి జరిగారు.

"నిన్న ఎక్కించినా... కోతి ఎల్లిపోతే అట్నే పెట్టినా... మర్చిపోయినా..." వాడి చొక్కా చెమటతో తడిసింది. "తెలిసీ ఇచ్చినావా నా చేతికి? మరి ఎందుకు చెప్పినావు?"

"నీకు రెండు కండ్లూ ఉండాల. దినామూ నన్ను చూడనీకి."

ఇప్పుడా ఊళ్లో తుపాకి చేతులు మారేటప్పుడు మూతి నేలకు వంచి, గొట్టం విరిచి, అందరికీ చూపించి ఇస్తారు. వెంకటేష్ జనం వెళ్లిపోయాక గానీ పాలు తేవడం లేదు. సుబ్బులమ్మ ఖాళీ క్యాను పక్కన పెట్టుకుని, వాడు వచ్చేదాకా ఆ అరుగు మీదే కూర్చుంటుంది.