గోడ నడిమధ్య

చర్చి గోడ మీద చందాలిచ్చినవాళ్ళ పేర్లు రాసే పని పెయింటరుకి దక్కింది. కమిటీ ఇచ్చిన చీటీలో పదకొండు పేర్లు, అడుగున 'యేసే ప్రభువు' అన్న మాట ఉన్నాయి. పదకొండో పేరు అతనిదే. ముప్పై ఏళ్ళు ఊరందరి పేర్లూ రాశాడు గానీ తన పేరు ఏ గోడా ఎరగదు. అందుకే దాన్ని మరీ ముచ్చటగా దిద్దాడు.

క్యారేజీ తెచ్చిన భార్య తలెత్తి చూసింది. "అందరూ ఉన్నారు. ఇల్లు ఎవరిదో ఆయనే లేడేంటండీ?"

"జాగా మిగల్లేదే. మూలకి చిన్నగా ఇరికిస్తాలే."

"పెళ్ళికొడుకుని పెరట్లో కూర్చోబెట్టినట్టు."

నవ్వబోయి ఆగాడు. పెద్ద మాట ముందు నడిమధ్య రాసి, మిగతావి దాని చుట్టూ సర్దాలని పని నేర్పిన మేస్త్రీ చెప్పేవాడు. ఏ కొట్టు బోర్డుకీ తప్పని ఆ పద్ధతి ఇక్కడే తప్పాడు.

కిరసనాయిలు గుడ్డతో ముందు తన పేరే తుడిచాడు. గుండె చివుక్కుమంది. మిగతావీ తుడిచి, నడిమధ్య ఆ ఒక్క పేరు మొదలుపెట్టాడు. మొదటి అక్షరం పూర్తయ్యేసరికి కుంచె ఆపాడు. తను ఆయన్ని రాయడం కాదు, ఆయనే తనని చూస్తున్నట్టుంది.

"మరి మీ పేరో?" అంది భార్య మెల్లగా.

అతనికి వినబడలేదు. నిచ్చెన మీదే తల వంచి నిలబడ్డాడు.