లేత బఠాణీ

ఆ పేటలోని కుటుంబాలు కలిసి ఒక కూరగాయల సహకార సంఘం పెట్టుకున్నాయి. చుట్టుపక్కల తోటల్లో ఏ కాలంలో ఏది కాస్తే అది తెచ్చుకోవడం, అందరూ సమంగా పంచుకోవడం వాళ్ల నియమం. నెలల తరబడి గుమ్మడికాయ, ఆనపకాయ తిని నోరు చచ్చిపోయినవాళ్లకు ఆ ఉదయం తొలి కాపు పచ్చి బఠాణీ వచ్చింది.

బల్ల దగ్గర కూర్చుని ఏరి పంచే వంతు ఆ రోజు దర్జీ పని చేసే ఇల్లాలిది. ఆమె వేళ్లు వాటంతటవే లేత కాయలను తన గుడ్డసంచిలోకి జారవిడిచాయి. సంచి నిండాక బల్ల కింద ఖాళీ గోతాల చాటున పెట్టింది. పొద్దున్నే వచ్చి చాకిరీ చేసేవాళ్లకు ఆమాత్రం హక్కు లేదా అనుకుంది. లేత బెండకాయలూ, చిక్కుడుకాయలూ కాసిన కాలంలో అవీ అలాగే ఆమె ఇల్లు చేరాయి. దాన్ని దొంగతనమని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మనలో చాలామందిమి అనుకోము.

మధ్యాహ్నం డ్యూటీ దిగి నర్సు వచ్చింది. ఆమె వెనకే లాండ్రీలో పనిచేసే ఆవిడ. బుట్టలో మిగిలినవన్నీ తొక్క పసుపెక్కిన ముదురు కాయలు.

"పనులకెళ్లొచ్చేవాళ్లకి ఎప్పుడూ ఇవే. ఎవరో ముందే ఏరేసుకుంటున్నారు," అంది లాండ్రీ ఆవిడ.

"ఊరుకో వదినా. ఇవాళ బల్ల దగ్గరున్నది అక్క. అక్క ఉండగా అలా జరగదు. తోటలో కాసిందే ఇంత," అంటూ నర్సు ముదురు కాయలే ఏరుకోసాగింది. "అమ్మ నమల్లేదు. కాస్త ఎక్కువసేపు ఉడకబెడతాలే."

దర్జీ ఇల్లాలికి తల తీసేసినట్టయింది. ఎవరైనా తిట్టి ఉంటే ఎదురు తిరిగి ఉండేదేమో. తనను వెనకేసుకొచ్చిన ఆ మాటను మాత్రం తట్టుకోలేకపోయింది. వంగి, గోతాల చాటునుంచి సంచి తీసి బల్లమీద పెట్టింది.

"ఇవి నేను దాచుకున్నా," అంది తల ఎత్తకుండా.

నర్సు సంచిలోకి కాసేపు చూసింది.

"ఎప్పట్నుంచి అక్కా?"

"చాలా రోజుల్నుంచి."

నర్సు సంచిలోంచి తన వాటా మాత్రం తీసుకుంది. ఎప్పటిలా "వస్తా అక్కా" అనకుండానే వెళ్లిపోయింది.

తర్వాతి సమావేశంలో దర్జీ ఇల్లాలు అందరిముందూ తప్పు ఒప్పుకుని, ఇక తనను బల్ల దగ్గర కూర్చోబెట్టవద్దంది. సంఘం పెద్దావిడ, ఒకప్పటి పంతులమ్మ, ఒప్పుకోలేదు.

"పక్కకి తప్పుకుంటే నీకు సుఖంగా ఉంటుందేమో. మాకేం ఒరుగుతుంది? అక్కడే కూర్చో. ఇకమీదట వంతు ఎవరిదైనా, పంచేవాళ్లు తమ వాటా ఆఖర్నే తీసుకోవాలి."

ఆ మాట అందరికీ నచ్చింది. అప్పటినుంచి తన వంతు వచ్చిన రోజుల్లో దర్జీ ఇల్లాలి ఇంట్లో ముదురు కాయలే ఉడికాయి. అది ఆమెకు కష్టమనిపించలేదు.

కానీ మరో వంతునాడు, ఆమె ఎంచి ఎంచి ఇచ్చిన లేత కాయలను నర్సు అక్కడే నిలబడి ఒక్కొక్కటే తిప్పి చూసుకుంది. మునుపెన్నడూ అలా చూసుకునేది కాదు. దర్జీ ఇల్లాలు కళ్లు దించుకుని, చూసుకోవడం అయ్యేదాకా ఆగింది.

నలుగురి సొత్తు పంచే చోట కూర్చున్నవాళ్లు కాజేసేది నాలుగు కాయలే కావచ్చు, కానీ వాటితోపాటు పోయిన నమ్మకాన్ని అంత తేలిగ్గా తిరిగి ఇవ్వలేరు.