పర్సల్ఫేట్ డబ్బా

తంగళ్ళపల్లి షెడ్డులో తయారయ్యేది జిగురు. సాంచా అనే మరమగ్గం ఎక్కేముందు పడుగు దారానికి దాన్ని పూస్తే దారం తెగదు. పన్నెండేళ్లు భివండిలో ఇదే పని చేసొచ్చిన రాజనర్సుకు సొంతూళ్లో జిగురు వండే మొదటి కెటిల్ ఇది. జిగురు నిలిస్తే ఇక్కడే బతుకు. లేకుంటే శనివారం మళ్లీ భివండి బస్సు. భార్య స్వరూప సగం మూట కట్టే ఉంచింది.

కెటిల్లో నీళ్లు, సబ్బు, మోనోమర్ తిరుగుతున్నాయి. మోనోమర్ అణువులను గొలుసులుగా అల్లడం మొదలుపెట్టేది పర్సల్ఫేట్ పొడి. రాజనర్సు కొలిచి వేశాడు. ఇరవై నిమిషాలైనా వేడి పెరగలేదు. నీళ్లలో గాలి మిగిలితే ఆలస్యమవుతుందని తెలుసు. అయినా మనసు నిలవక ఇంకో రెండు చెంచాలు వేశాడు. కెటిల్ ఒక్కసారిగా వేడెక్కింది. నాలుగు గంటల పని గంటన్నరలో ముగిసింది.

జిగురు పాలలా తెల్లగా, లేత నీలి ఛాయతో మెరిసింది.

"బర్రె సుత గిసొంటి పాలియ్యది రాజన్నా!" యజమాని దేవేందర్ మురిసిపోయాడు. "దుర్గయ్య పడుగుకు పూసెయ్. పొద్దటిసంది కూసున్నడు, మొలకొచ్చేటట్టున్నడు."

రాజనర్సు కొంచెం గాజుపలక మీద పూసి ఆరబెట్టాడు. పొర ఒలిచి లాగితే పుటుక్కుమంది. పొడి ఎక్కువైతే గొలుసులు చాలా పుడతాయి, కానీ అన్నీ పొట్టివే. చూపుకు నునుపు, దారానికి బలం సున్నా. ఆ సంగతి అక్కడ అతనొక్కడికే తెలుసు.

మూలన, పడుగు చుట్టిన భీము రోలరు పక్కన, వెలిగించని బీడీ పట్టుకుని ముసలి నేతగాడు దుర్గయ్య ఎదురుచూస్తున్నాడు.

"పుయ్యద్దు సేట్. ఆగలేక పొడి ఎక్కువేసిన. తప్పు నాదే," అన్నాడు రాజనర్సు.

దేవేందర్ మొహం మాడింది. "పన్నెండేండ్లు గిదేనా నేర్సుకున్నది?"

రాజనర్సుకు సగం కట్టిన మూట గుర్తొచ్చింది.

దుర్గయ్య లేచాడు. "పూసినంక చెప్తే ఏడ్సేటోళ్లం దేవేందర్. ముందుగాల్నే చెప్పిండు గద. మల్ల పెట్టనియ్యి."

దేవేందర్ సరుకు డ్రమ్ములను తట్టి చూశాడు. "ఇంకొక్క కెటిల్‌కే ఉన్నది సామాను. గిదే ఆఖరు."

ఈసారీ కొలిచిన పొడి వేశాక ఇరవై నిమిషాలు గడిచాయి. వేడి చూపే ముల్లు కదల్లేదు. రాజనర్సు చేయి పొడి డబ్బా కోసం వెతికింది. అది అక్కడ లేదు. దుర్గయ్య ఒళ్లో ఉంది, మూత మీద ఆయన మోచేతులు.

"కూసో కొడుకా. నేనేడికి పోతున్న?"

రాజనర్సు కూర్చున్నాడు. ముప్పయ్యో నిమిషాన ముల్లు మెల్లగా కదిలింది.

సాయంత్రం కొత్త జిగురు పొర ఒలిచి, ఒక కొస దుర్గయ్య చేతికిచ్చాడు. ఇద్దరూ చెరో అడుగు వెనక్కి వేశారు. అది సాగుతూనే ఉంది. దేవేందర్ దుర్గయ్య భీమును జిగురు పూయడానికి తానే దొర్లించుకొచ్చాడు.