కూర్మాచారి చెప్పిన వాలు

వెనుకకు మరలుచున్న వర్షర్తువు విడిచిపోయిన తెల్లని మేఘశకలములు శారదానదీ సైకతములపై నీడలు పఱచుచుండ, చెఱకుతోటల మీదుగా వచ్చు చల్లనిగాలి అనకాపల్లి వీథులను మెల్లగా మేల్కొల్పుచుండ, పాతయినుప అంగడి ముంగిట గుట్టలుగా పడియున్న భగ్నయంత్రావయవములు రాత్రివానకు తడిసి బాలభానుకిరణములు సోకి తళతళ మెఱయుచున్న ఒకానొక భాద్రపద ప్రభాతమున దక్షిణామూర్తి యను లోహకారుడు ఆ గుట్టల నడుమ వంగి తనకు వలసిన వస్తువులను వెదకుచుండెను.

ఆతడు రైల్వేగేటు చెంత ఇనుపతలుపులును కిటికీచట్రములును చేయు చిన్న కార్ఖానాకు యజమానుడు. పనితనమున సాటిలేనివాడు. సాటిలేనివాడనని యెఱిగినవాడు కూడ. ఆ కార్ఖానాయందు ఆతనికి తోడుగా పనిచేయువాడొక్కడే. ఆతడు దక్షిణామూర్తి యక్కయైన కామాక్షమ్మ పెనిమిటి, కూర్మాచారి. మితభాషియు శ్రమశీలియు నైన యా కూర్మాచారి ఇరువదిరెండేండ్లుగా హాక్సా పట్టి చేతితోనే యినుము కోయుచుండెను. ఆ వేసవి మొదలు ఆతని కుడిచేతి వ్రేళ్లు తిమ్మిరులెక్కి మధ్యాహ్నమగుసరికి పట్టు తప్పుచుండెను. ఆ సంగతి ఆతడెవ్వరితోడను చెప్పుకొనలేదు. కామాక్షమ్మయే యొకనాడు తమ్మునితో చెప్పి కంట తడి పెట్టుకొనెను. అక్కయన్న ప్రాణమైన దక్షిణామూర్తి రెండు చక్రములపై పట్టీవలె తిరుగుచు ఇనుము కోయు బ్యాండురంపమును స్వయముగా నిర్మించి బావకు ఆ కష్టము తప్పించెదనని అప్పుడే మాట యిచ్చెను. అంగడిలో దొరకు కొత్తయంత్రము వారి తాహతునకు మించినది గాన తుక్కునుండియే దానిని పుట్టింపవలసి యుండెను.

మూలబడిన ఆటోచక్రములను రెండింటిని తెచ్చి లేతుపై నున్నగా చెక్కి, తుక్కులారీ చట్రపు ఛానలుతో వానిని మోయు భుజమును అదికి, మూతపడిన బియ్యపుమిల్లులోని గేరుపెట్టెచే మోటారు వేగమును తగ్గించి, ఆ భుజము ఇనుముపై ఒక్కసారిగా పడక మెల్లమెల్లగా దిగునట్లు మోటారుసైకిలు షాకబ్జారు నమర్చి దక్షిణామూర్తి రెండు మాసములు అన్నపానీయములు మఱచి పాటుపడెను. ఆ యంత్రమునకు వలసిన ముక్కలనెల్ల కోసి యిచ్చినది మాత్రము కూర్మాచారి నొచ్చుచున్న చేయియే.

కార్తికమాసమున యంత్రమును నడపి చూచు దినము వచ్చెను. ఇరుగుపొరుగు కార్ఖానాలవారును తలుపులు చేయించుకొన వచ్చినవారును గుమిగూడిరి. మీట నొక్కగానే చక్రములు తిరిగెను. ఉక్కురంపము నిమిషమైనను నిలువక చక్రముపైనుండి జాఱి నేలపై పడెను. మరల నెక్కించిన మరల జాఱెను. మూడవసారి జాఱినపుడు దక్షిణామూర్తి మొగము కందగడ్డవలె నయ్యెను. అంతవఱకు ప్రక్కన మోకరిల్లి చక్రముల నడకనే చూచుచున్న కూర్మాచారి మెల్లగా నోరు విప్పెను.

“మోటారు లేని ఆ చివరిచక్రాన్ని కాసింత వాల్చి చూడు మూర్తీ. నిటారుగా ఉంటే రంపం బయటికే నడుస్తాది.”

దక్షిణామూర్తి తల యెత్తకయే బదులు పలికెను.

“హాక్సా లాగడం వేరు, మెషిను కట్టడం వేరు బావా. నీకొచ్చిన పని నువ్వు చూసుకో.”

గుంపులో నెవరో నవ్విరి. కూర్మాచారి చేతులు తుడుచుకొని లేచి ఆనాటికి కోయవలసిన కడ్డీలన్నిటిని కోసి ముగించి యింటికి పోయెను. వారము తిరుగకమునుపే తుని దగ్గఱ వంతెన కట్టించుచున్న గుత్తేదారు పిలిచెనని చెప్పి భార్యతో కూడ ఆ యూరు చేరెను. అక్కడను ఆతని పని చేతితో ఇనుము కోయుటయే.

పిదప ఏడు మాసములు దక్షిణామూర్తి ఆ యంత్రముతో పోరాడెను. బేరింగులు మార్చెను. కొత్తరంపము తెప్పించెను. చక్రములను మరల చెక్కెను. చివరిచక్రమును వాల్చి చూడవలెనను తలంపు ఆతనికి రాకపోలేదు. అనేక పర్యాయములు వచ్చెను. ఒకటి రెండు మాఱులు స్పానరు బోల్టుదాక పోయి వెనుకకు మరలెను. వాల్చినచో రంపము నిలుచునేమో యని ఆతడు భయపడెను. నిలిచినచో నలుగురిలో తానాడిన మాటకు తానే తల వంచవలసి వచ్చును గదా.

జ్యేష్ఠమాసమున నొక మధ్యాహ్నము కామాక్షమ్మ ఫోను చేసెను. “బావ చెయ్యి ముడుచుకోడం లేదురా. గ్లాసు కూడా పట్టుకోలేకపోతన్నాడు” అని యామె చెప్పెను. ఫోను క్రింద పెట్టి దక్షిణామూర్తి తిన్నగా యంత్రము కడకు పోయి బోల్టులు వదులుచేసి చివరిచక్రపు ఇరుసు క్రింద సన్ననిరేకు నొకదానిని దూర్చి బిగించెను. పది నిమిషముల పని. మీట నొక్కెను. రంపము చక్రపు టంచు నంటిపెట్టుకొని దారము పట్టినట్లు తిరుగజొచ్చెను. రంపము క్రింద రెండంగుళముల కడ్డీని బిగించెను. ఎవరును చేయి వేయకయే అది నున్నగా తెగి నేలపై పడెను. దక్షిణామూర్తి యంత్రము నాపి ఆ తెగిన ముక్క యెదుట చతికిలబడి పెద్దపెట్టున నేడ్చెను.

మఱునాటి యుదయమున రైలెక్కి తుని చేరి వారి యింటికి పోయెను. అరుగుపై కూర్చుండియున్న కూర్మాచారి బావమఱదిని చూచి లేచి నిలిచెను. కుశలప్రశ్నమునకు మునుపే ఆతడడిగిన దిది.

“రంపం నిలిచిందా మూర్తీ?”

“నిలిచింది బావా. నువ్వు చెప్పినట్టే చేసేను.”

“ఎంత వాల్చేవు?”

“రేకు మందం.”

“అంతే చాలు” అని కూర్మాచారి తన చేతితో కట్టిన యంత్రమే నడచినట్లు సంతసించెను. దక్షిణామూర్తి ఆతని కాళ్లపై బడి క్షమింపుమని వేడెను. తానా మాట నాడే మఱచితినని కూర్మాచారి యెడమచేత నాతనిని లేవదీసెను. చేతినరము పూర్తిగ చెడినదనియు ఇక పట్టు రాదనియు కాకినాడ వైద్యుడు చెప్పిన సంగతి కామాక్షమ్మ లోపలినుండి తెలిపెను.

క్షమ యడిగిన తోడనే లభించెను. లభింపకపోయినచో దక్షిణామూర్తికి కొంత యూఱట కలిగియుండెడిది.

మధ్యాహ్నమున ఇరువురకు ఎదురెదురుగా కంచములు పెట్టిరి. కామాక్షమ్మ వడ్డించి తమ్ముని వైపు చూడక పెనిమిటి ప్రక్కన కూర్చుండి పప్పన్నము కలిపి ముద్ద చేసి ఆతని నోటికందించెను. కూర్మాచారి కన్నులు దించుకొని నోరు తెఱచెను. ఎదుట కూర్చున్న దక్షిణామూర్తి చేతిలోని ముద్ద చేతిలోనే చల్లారిపోయెను.