ఎక్కని చెట్టు

కొబ్బరిచెట్టు మాటెత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆయన తాతారావు చెట్లెక్కి కాయలు దింపేవారు. రాజోలు చుట్టుపక్కల ఆయనకు మంచి పేరుండేది. ఒక వానాకాలం పొద్దున చెట్టు మీంచి జారి పడ్డారు. నడుం విరిగింది, ఇక మంచమే. ఆ రోజే అనుకున్నాను, నా కొడుకు చెట్టు మొదలు కూడా ముట్టుకోకూడదని.

అభిలాష్ పదో తరగతి గట్టెక్కలేదు. ఖాళీగా తిరిగితే చెడిపోతాడని మా తమ్ముడు ఎబినేజర్ దగ్గర తాపీ పనికి పెట్టాను. ఎబినేజర్ మేస్త్రి. చెడ్డవాడు కాదు, ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు. "నీ కొడుకు నా కొడుకు కాదేంటక్కా" అని తీసుకెళ్ళాడు. నేల మీద నిలబడి గోడలు కట్టే పని కదా అని మురిసిపోయాను. నా మొహం! గోడ ఎప్పటికీ నేల మీదే ఉండిపోతుందా?

ఈమధ్య వాళ్ళు తాటిపాక వెళ్ళే దారిలో ఒక మేడకి ప్లాస్టరింగు చేస్తున్నారు. గోడకి ఆనుకున్నట్టే కాపు మీదున్న కొబ్బరిచెట్టు ఒకటుంది. దాన్ని కొట్టడానికి ఇంటాయన ఒప్పుకోలేదు. మా వైపు ఇంటి ప్లానయినా మారుస్తారు గానీ కాసే చెట్టును కొట్టరు.

ఆ మధ్యాహ్నం కొడుక్కి క్యారేజీ పట్టుకెళ్ళి, తలెత్తి చూశాను. పైన నిలబడి పని చెయ్యడానికి కట్టే పరంజాకి సరుగుడు కర్రలు చాలలేదేమో, ఆ మూల అడ్డకర్రను తిన్నగా కొబ్బరిచెట్టుకే కట్టేశారు. పైచెక్క మీద నా కొడుకు. అందరిలోకీ తేలికైనవాడని వాడినే ఎక్కించారట.

"ఒరేయ్ తమ్ముడూ, చెట్టుకి కట్టేవేంట్రా?"

"చెట్టు కంటే గట్టి గుంజ ఏముంటదక్కా? ఎన్ని తుఫాన్లొచ్చినా పడలేదది."

"పడదురా, ఊగుద్ది! మీ బావ ఎన్నిసార్లు చెప్పేరు, గాలొస్తే పైన ఉయ్యాల్లో ఉన్నట్టుంటదని. కట్లు వదులైపోవా?"

"నాకు పని నేర్పకక్కా. క్యారేజీ అక్కడ పెట్టి ఎళ్ళు" అని నవ్వాడు. చుట్టూ ఉన్న కూలీలూ నవ్వారు.

నేను పైకి చూసి అరిచాను. "అభీ, దిగరా! అన్నం తిందువుగాని."

"ఈ మూల అవగొట్టేసి వస్తానమ్మా. నువ్వెళ్ళు, అందరూ చూస్తన్నారు."

సిగ్గు వాడికి. పని నేర్చుకునేవాడు మేస్త్రి చెప్పకుండా పరంజా దిగకూడదట. మా తమ్ముడు వాడికి నేర్పిన మొదటి పాఠం అదే.

"వాణ్ణి దిగమనరా. నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాను.

"కలిపిన సిమెంటు గట్టిపడిపోద్దక్కా. కాసేపాగు."

సిమెంటు గట్టిపడుతుందనే బెంగ గానీ పిల్లాడు పడతాడని లేదు వాడికి.

గాలి వచ్చింది. పెద్ద గాలేం కాదు, రోజూ మధ్యాహ్నం సముద్రం వైపునుంచి వచ్చేదే. చెట్టు కొంచెం వంగింది, మళ్ళీ నిలబడింది. అడ్డకర్ర దాంతోపాటు వెళ్ళి రాలేకపోయింది. తాడు జారింది. "అమ్మా" అన్న కేక పైనుంచి వినిపించిందో కిందనుంచి వినిపించిందో నాకు ఇప్పటికీ తెలియదు. క్యారేజీ మాత్రం నా చేతిలో అలాగే ఉంది.

ఆసుపత్రికి వెళ్ళే కారులో వాడి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. కళ్ళు తెరవడం లేదు. ముందు సీట్లోంచి ఎబినేజర్ వెనక్కి తిరిగి చంటిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే అన్నాడు, "అక్కా, ఆసుపత్రిలో చెట్టు మీంచి పడ్డాడని చెప్పు. పని దగ్గరని తెలిస్తే కేసవుద్ది. నన్నింకెవరూ పిలవరు."

కోనసీమలో చెట్టు మీంచి పడ్డాడంటే ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. అది వాడికి తెలుసు.

"నోర్ముయ్యరా సచ్చినోడా! నువ్వు జైలుకెళ్ళినా సరే, నిజమే చెప్తాను" అన్నాను. ప్రభువు సాక్షిగా, చెప్పాలనే అనుకున్నాను.

అమలాపురం ఆసుపత్రిలో డాక్టరుగారు వాడి పాదాన్ని సూదితో గుచ్చి చూశారు. కాలు కదల్లేదు. "ఎలా పడ్డాడమ్మా?" అని అడిగారు. నేను నోరు తెరిచాను.

"కొబ్బరిచెట్టు మీంచి పడ్డానండి" అన్నాడు నా కొడుకు.

కారులో వాడికి తెలివి లేదనుకున్నాను. అంతా విన్నాడు. జన్మలో చెట్టెక్కని వెధవ!

"కాదండీ..." అనబోయాను. వాడు నా కొంగు పట్టుకుని లాగాడు. "మావయ్యనేమీ అనకమ్మా. తగ్గేక మళ్ళీ పనికెళ్ళాలి కదా" అని గొణిగాడు.

డాక్టరుగారు ఆ కాళ్ళ వంక చూశారు. తర్వాత ఆయన కోపమంతా నా మీదకు తిరిగింది. "ఇంత పిల్లాణ్ణి చెట్టెక్కిస్తారా? తల్లివేనా నువ్వు? వద్దని చెప్పక్కర్లేదా?"

మా ఊళ్ళో నా నోటికి జడవనివాళ్ళు లేరు. ఆ నోటితోనే అన్నాను.

"ఆయ్. చెప్పలేదండీ."